మైనస్ నలభైలో మొదటి పాఠం

ఈ మధ్య ఇన్‌బాక్స్‌లో ఒకటే ప్రశ్న. "అన్నా, ఆయిల్ ఫీల్డ్ జాబ్ ఎట్లా ఉంటది? చలికి తట్టుకోగలమా? ఖర్చులు పోను ఎంత మిగులుద్ది?" అడిగేవాళ్ళలో ఎక్కువ మంది మన వెల్ఫేర్ హాస్టళ్ళలో చదువుకుని, అప్పు చేసి కెనడా వచ్చిన పిల్లలు, లేదా రావడానికి అప్పు వెతుక్కుంటున్న పిల్లలు. ఒక్కొక్కరికీ విడిగా రాయలేక ఈ వారం సీరీస్‌లో దీన్నే పెట్టాను. కాస్త పొడుగు. చలితో మొదలుపెట్టినా చలి దగ్గర ఆగను, ముందే చెప్తున్నా.

నేను పనిచేసేది ఆల్బర్టా రాష్ట్రంలో, ఫోర్ట్ మెక్‌మరీకి ఉత్తరాన. ఎడ్మంటన్ నుంచి ఫోర్ట్ మెక్‌మరీకి రోడ్డు మీద నాలుగు వందల కిలోమీటర్ల పైనే. దారి పొడుగునా అడవి తప్ప ఏమీ కనపడదు. ఆయిల్ ఫీల్డ్ అనగానే మనవాళ్ళకి కోనసీమ కొబ్బరితోటల మధ్య రిగ్గో, 1995లో పాశర్లపూడిలో వారాల తరబడి ఆరని మంటో గుర్తొస్తుంది. ఇక్కడ నూనె అట్లా చిమ్ముకుంటూ పైకి రాదు. ఇసుకకి తారులాగా అంటుకుని ఉంటుంది. కొన్నిచోట్ల కొండంత లారీలతో తవ్వి వేడినీళ్ళతో కడుగుతారు. లోతుగా ఉన్నచోట భూమిలోకి ఆవిరి పంపి, కరిగించి తోడతారు. ఆ ఆవిరి తయారుచేసే బాయిలర్ల దగ్గర నా పని. దానికి "ఫోర్త్ క్లాస్ పవర్ ఇంజనీర్" అనే టికెట్ కావాలి. ఫోన్లో ఈ మాట చెప్తే మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. "ఇంత చదివీ నాలుగో తరగతి ఉద్యోగమేనా నాయనా" అంది. మున్సిపాలిటీలో ఊడ్చేవాళ్ళూ ఆఫీసులో బిళ్ళబంట్రోతులూ తప్ప నాలుగో తరగతి అంటే ఇంకొకటి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇక్కడ ఆ పరీక్షలు కింది నుంచి పైకి రాసుకుంటూ పోవాలనీ, నాలుగు తర్వాత మూడు వస్తుందనీ చెప్పి ఒప్పించేసరికి నా ఫోన్ కార్డు అయిపోయింది.

సరే, చలి. మైనస్ నలభై దగ్గర సెల్సియస్, ఫారెన్‌హీట్ రెండూ ఒకటవుతాయి, ఇక ఎందులో చెప్పినా ఒకటే. మొదటి ఊపిరికే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి గుచ్చుకుంటాయి. కనురెప్పల మీద మంచు పడుతుంది. గాలి తోడైతే బయట ఉన్న చర్మం ఐదు పది నిమిషాల్లో చచ్చుబడుతుంది. ఒట్టి చేత్తో ఇనుము ముట్టుకోకూడదు, అంటుకుంటుంది. బండ్ల ఇంజన్లకి రాత్రంతా కరెంటు ప్లగ్ పెట్టి వెచ్చగా ఉంచుతారు, లేదంటే తెల్లారి స్టార్ట్ కావు. అమ్మలు సూట్‌కేసులో కాటన్ బనియన్లు సర్దుతారు, వాటిని ఇంటి దగ్గరే ఉంచి రండి. పనిలో చెమట పడుతుంది, కాటన్ దాన్ని పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆ తడితో బయట నిలబడితే ప్రాణం మీదికొస్తుంది. లోపల ఉన్ని ఉండాలి. బూట్లలో ఉక్కు ముక్కు ఉన్నవి కొనకండి, ఆ ఉక్కే వేళ్ళని గడ్డకట్టిస్తుంది. కాంపోజిట్ ముక్కు ఉన్నవి దొరుకుతాయి. కొంచెం డబ్బు ఎక్కువైనా అవే తీసుకోండి.

కానీ నన్ను పడగొట్టింది చలి కాదు, చీకటి. డిసెంబరులో తొమ్మిదింటికి గానీ తెల్లారదు, నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. పన్నెండు గంటల షిఫ్టులో లోపల ఉండిపోతే సూర్యుణ్ణి చూడకుండానే వారం గడిచిపోతుంది. పద్నాలుగు రోజులు పని, తర్వాత సెలవు. ఉండేది క్యాంపులో, ట్రైన్ కంపార్ట్‌మెంట్ అంత గది. తిండికి లోటు లేదు. మెస్సులో నీ పళ్ళెం ఎవడూ వేరే పెట్టడు. మన హాస్టళ్ళలో, కాలేజీ మెస్సుల్లో తిన్నవాళ్ళకి ఈ ఒక్క వాక్యం చాలు, దీని మీద నేనింకేం రాయక్కర్లేదు.

డబ్బు మాట. జీతం మంచిదే. కానీ చమురు ధర పడితే ముందు ఊడేది కొత్తవాడి ఉద్యోగం. 2014 చివర్లో ధర కూలినప్పుడు ఆల్బర్టాలో వేల ఉద్యోగాలు పోయాయి. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో ముడిచమురు ధర ఒకరోజు సున్నా కిందికి పోయింది. కాబట్టి మొదటి ఏడాది జీతం చూసి ఊళ్ళో డాబాకి శంకుస్థాపన చేయకండి. ఇంకో మాట. గుంటూరులోనో అమీర్‌పేటలోనో కూర్చుని "ఆయిల్ ఫీల్డ్ జాబ్ లెటర్" అమ్ముతానన్నవాడికి పైసా ఇవ్వొద్దు. ఉద్యోగం ఇప్పించినందుకు కార్మికుడి దగ్గర డబ్బు వసూలు చేయడం ఆల్బర్టాలో చట్టవిరుద్ధం. ఎవడైనా అడిగాడంటే వాడి దగ్గర ఉద్యోగం లేదనే.

ఇప్పుడు అసలు సంగతి.

గేటు లోపల అడుగు పెట్టకముందు, చలికోటు ఇవ్వకముందు, ఒక రోజంతా క్లాసులో కూర్చోబెడతారు. అది పాసయితేనే లోపలికి. మూడేళ్ళకోసారి మళ్ళీ కూర్చోవాలి. ఆ క్లాసు ఒకే ఒక్క గ్యాస్ గురించి. హైడ్రోజన్ సల్ఫైడ్. ఇక్కడ అందరూ హెచ్‌టూఎస్ అంటారు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఆల్బర్టా భూమిలో చాలాచోట్ల చమురుతో, సహజవాయువుతో కలిసి ఇది ఉంటుంది.

గాలి పది లక్షల పాళ్ళలో ఒక పాలు కూడా లేకముందే ముక్కుకి వాసన తెలుస్తుంది. ఎనిమిది గంటల పనిలో పది పాళ్ళు దాటకూడదని ఇక్కడి రూలు. వంద దగ్గరికి వచ్చేసరికి ముక్కు చచ్చిపోతుంది, వాసన తెలియదు. గ్యాస్ పోయిందనుకుంటాం. పోలేదు, మన ముక్కే పోయింది. ఐదు వందలు దాటితే స్పృహ తప్పుతుంది. ఏడు వందలు, వెయ్యి దగ్గర ఒకటి రెండు ఊపిరులు చాలు, నిలబడ్డవాడు నిలబడ్డచోటే పడిపోతాడు. ఇది గాలికంటే బరువు, గుంటల్లో, తొట్లలో, పల్లంలో చేరి కూర్చుంటుంది. బోర్డు మీద ఆ అంకెలు చూస్తున్నప్పుడు పక్కన కూర్చున్న న్యూఫౌండ్‌లాండ్ కుర్రాడు నోట్సు రాసుకుంటున్నాడు. నేను రాసుకోలేదు. ఈ గ్యాస్ మా ఇంటికి కొత్తది కాదు.

మా మేనమామ ఒక మున్సిపాలిటీలో కాంట్రాక్టు పారిశుధ్య కార్మికుడు. ఊరి పేరు రాయను. మ్యాన్‌హోల్ మూత తీశాక కాసేపు ఆగి చూడాలని చిన్నప్పుడు మాకు చెప్పేవాడు. బొద్దింకలు బతికి బయటికొస్తే దిగొచ్చట. రాకపోతే ఇంకాసేపు ఆగాలట. అది ఆయనకి తెలిసిన గ్యాస్ మీటర్. కొందరు అగ్గిపుల్ల గీసి లోపల వేసి చూస్తారు. లోపల మీథేన్ ఉంటే ఆ పుల్లే బాంబు. ఆ కంపులోకి దిగాలంటే ముందు ఒక క్వార్టర్ పడాలి, అదే మాస్క్. ఈ సంగతులన్నీ ఆయన నవ్వుతూ చెప్పేవాడు. మేమూ నవ్వేవాళ్ళం.

ఇక్కడ క్లాసులో ఒకటి నుంచి ఏడు దాకా అడుగులు కంఠతా పట్టిస్తారు. పక్కనున్నవాడు పడిపోయాడు, ఏం చేస్తావ్? ఒకటి, పరిగెత్తి ప్రమాదం లేని చోటికి పో. రెండు, అలారం కొట్టు. మూడు, ఏం జరిగిందో అంచనా వెయ్. నాలుగు, గాలి సిలిండరూ మాస్కూ తగిలించుకుని నిన్ను నువ్వు కాపాడుకో. ఐదు, అప్పుడు పోయి వాణ్ణి బయటికి లాగు. ఆరు ప్రథమ చికిత్స, ఏడు ఆస్పత్రి. కాపాడటం ఐదోది. టీచరు ఆ మాట మూడుసార్లు చెప్పాడు. మంచి మనసున్నవాళ్ళే ఎక్కువ చస్తారు, పడినవాణ్ణి చూసి ఆగలేక పరిగెత్తేవాళ్ళు చస్తారు, అందుకే ఇది కంఠతా పట్టమంటున్నానని చెప్పాడు.

మా మామ అట్లాగే పోయాడు. ముందు దిగినవాడు పలకలేదని దిగాడు. ఆయనకి ఒకటి నుంచి నాలుగు దాకా అడుగులు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నాలుగో అడుగుకి కావాల్సిన సిలిండర్ ఆ ఊళ్ళోనే లేదు. కాగితాల మీద "ప్రమాదవశాత్తూ జారిపడి మృతి" అని రాశారు. కాంట్రాక్టరు మా అత్త చేతిలో కొంత డబ్బు పెట్టి వేలిముద్ర తీసుకున్నాడు.

ఇట్లా చనిపోయినవాడు మా మామ ఒక్కడే కాదు. 2015 నవంబర్‌లో కేరళలో కోజికోడ్ మ్యాన్‌హోల్‌లో మన ఆంధ్ర నుంచి పనికి వెళ్ళిన ఇద్దరు కూలీలు పడిపోతే, దారిన పోతున్న ఒక ఆటో డ్రైవర్ వాళ్ళకోసం దిగాడు. ముగ్గురూ పోయారు. 2021 ఆగస్టులో హైదరాబాద్ సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట దిగిన ఇద్దరు పోయారు. పేపర్లో ఇలాంటి వార్త చూసినప్పుడల్లా మృతుల సంఖ్య గమనించండి. రెండు, మూడు, నాలుగు ఉంటుంది. ఒకడు పని కోసం దిగినవాడు, మిగతావాళ్ళు వాడికోసం దిగినవాళ్ళు.

ఇప్పుడు నా ఛాతీ మీద అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద మీటర్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పది పాళ్ళు తగిలితే అరుస్తుంది, వణుకుతుంది, మెరుస్తుంది. పొద్దున్నే దాన్ని గ్యాస్‌తో పరీక్ష చేయందే షిఫ్ట్ మొదలు కాదు. మాస్కు మొహానికి అతుక్కోవాలంటే గడ్డం ఉండకూడదు, అందుకే మైనస్ నలభైలోనూ రోజూ నున్నగా గీసుకోవాలి. తొట్టిలోకి ఎవరైనా దిగాలంటే పర్మిట్ రాయాలి, లోపలి గాలి కొలవాలి, బయట ఒక మనిషి ఆ ఒక్క పని మీదే నిలబడాలి. ఈ కాగితాలు నింపలేక మొదట్లో నాకు విసుగొచ్చేది. తర్వాత ఒకరోజు పర్మిట్ మీద బయట నిలబడే మనిషి గడిలో నా పేరు రాసి సంతకం పెడుతుంటే చెయ్యి ఆగిపోయింది. మా మామకి ఈ గడిలో పేరు రాసేవాడు ఒక్కడుంటే చాలు కదా అనిపించింది.

ఇంకో సంగతి. క్యాంపులో వెయ్యి మంది ఉంటే వెయ్యి మంది మలం కూడా ఉంటుంది. దాన్ని తోడుకుపోవడానికి వ్యాక్యూమ్ ట్రక్ వస్తుంది. దాని డ్రైవర్ యాభై దాటిన తెల్లాయన. గొట్టం దించుతాడు, లివర్ తిప్పుతాడు, క్యాబిన్‌లో కూర్చుని కాఫీ తాగుతాడు. తొట్టిలోకి దిగడు. దిగాల్సిన అవసరమే రాదు. నేను చేరినప్పుడు ఆయన జీతం నాకంటే ఎక్కువ. ఆయన కొడుకు ఏం చదువుతున్నాడో అందరూ అడుగుతారు. ఆ కొడుకు కూడా ట్రక్కే తోలాలని ఎవరూ అనుకోరు. మెస్సులో ఆయన పక్కన కుర్చీ ఖాళీగా ఉండదు. మన తెలుగువాళ్ళు మాత్రం ఇద్దరు ఆయన వచ్చినప్పుడు వేరే టేబుల్ చూసుకోవడం నా కళ్ళారా చూశాను. ఆ ఇద్దరే నన్ను మొదటి రోజు "మీ ఇంటిపేరేంటి బ్రదర్? మీ ఊళ్ళో మీదే పక్క?" అని అడిగినవాళ్ళు. ఏడు సముద్రాలు దాటించి తెచ్చుకున్నారు, కస్టమ్స్‌లో పట్టుకోలేదు.

సరే, మనవాళ్ళలో కొందరు ఇది చదివి ఏమంటారో నాకు తెలుసు. "అది డబ్బున్న దేశం అన్నా, మనకి అంత టెక్నాలజీ ఎక్కడిది?" ఇది అబద్ధం. ఈ అబద్ధాన్ని మనం కూడా నమ్మడం మొదలుపెట్టాం కాబట్టే ఈ భాగం రాస్తున్నా.

హెచ్‌టూఎస్ మీటర్ ధర ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ ధర. చంద్రయాన్ దించిన దేశానికి ఇది కొనడం కష్టం కాదు. హైదరాబాద్ వాటర్ బోర్డు 2017లోనే ఇరుకు సందుల్లోకి పోయే డెబ్భై మినీ జెట్టింగ్ మిషన్లు దింపింది. అంటే యంత్రం ఉంది, డబ్బు ఉంది, ఎలా చేయాలో తెలుసు. చట్టం లేదా అంటే అదీ ఉంది. 1993లో ఒకటి, 2013లో ఇంకొకటి. 2013 చట్టం కింద రాసిన రూల్స్ చదవండి. గ్యాస్ మానిటర్ దగ్గర్నుంచి శ్వాస పరికరం దాకా ఏమేం ఇవ్వాలో జాబితా రాసి పెట్టారు. ఇక్కడ ఆల్బర్టాలో నా ఒంటిమీద ఉన్నవాటిలో చాలా భాగం ఆ జాబితాలో ఉన్నాయి. కాగితం మీద మా మామకీ నాకూ తేడా లేదు.

ఆ చట్టంలో ఒక మడతపేచీ కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పు. రక్షణ పరికరాలు ఇవ్వకుండా దింపితేనే అది "ప్రమాదకర శుభ్రత", నేరం. పరికరాలు ఇచ్చి దింపితే కాదు. మనిషిని దింపడమే ఆపాల్సిన చట్టం, సరిగ్గా ఎలా దింపాలో చెప్పి ఊరుకుంది. ఈ సందులోంచే ప్రభుత్వాలు జారుకుంటున్నాయి. పార్లమెంటులో ప్రశ్న వేసినప్పుడల్లా ఒకటే జవాబు: మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల ఎవరూ చనిపోలేదు, సీవర్లు ప్రమాదకరంగా శుభ్రం చేస్తూ చనిపోయారు అని. చనిపోయినవాడు ఒకడే, వాడు ఏ గడిలో పడాలో వీళ్ళు నిర్ణయిస్తారు. 1993 నుంచి అధికారిక లెక్కల్లోనే వెయ్యి మందికి పైగా పోయారు. "జారిపడి మృతి" అని రాసిన మా మామ లాంటివాళ్ళు ఆ లెక్కలో లేరు. సఫాయి కర్మచారీ ఆందోళన్ కార్యకర్తలు ఊరూరా తిరిగి పేర్లు పోగుచేయకపోతే ఆ వెయ్యి కూడా వచ్చేది కాదు. ఆ ఆందోళన్‌ని నిలబెట్టిన బెజవాడ విల్సన్ కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో ఈ పనిచేసే తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. ఆ గనులు తవ్విన కంపెనీలకి బంగారం ఎంత తీశారో తులాలతో సహా లెక్క ఉంది.

అసలు అంకె ఇది. 2024లో కేంద్రం తన పథకం కింద సీవర్లు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే 38 వేల మందిని నమోదు చేసి చూస్తే, అందులో దాదాపు 69 శాతం ఎస్సీలు. ఎస్టీలు, బీసీలు కలిపితే 92 శాతం దగ్గరికి పోతుంది. పేదరికమే కారణమైతే పేద బ్రాహ్మణుడు, పేద రెడ్డి, పేద కమ్మ కూడా ఆ గుంటలో కనపడాలి కదా. కనపడడు. ఆ గుంటలోకి ఎవరు దిగాలో ముందే తెలుసు, కాబట్టి మీటర్ కొనాల్సిన తొందర ఎవరికీ లేదు. టెక్నాలజీ ఎప్పుడు వస్తుందో తెలుసా? దిగేవాడి ప్రాణం పోతే ఎవడికో ఒకడికి నష్టం వస్తుందన్నప్పుడు వస్తుంది.

ఇక్కడ కూడా అట్లాగే వచ్చింది. కెనడావాళ్ళు పుట్టుకతో మంచివాళ్ళని ఎవరైనా చెప్తే నమ్మకండి. 1982 అక్టోబర్‌లో ఇదే ఆల్బర్టాలో లాడ్జ్‌పోల్ దగ్గర ఒక గ్యాస్ బావి పేలింది. హెచ్‌టూఎస్ విపరీతంగా ఉన్న బావి. రెండు నెలలకి పైగా అదుపులోకి రాలేదు. దాన్ని ఆపడానికి వచ్చిన ఇద్దరు ఈ గ్యాస్‌కే చచ్చిపోయారు. చుట్టుపక్కల జనం నెలల తరబడి గొడవ చేశారు, విచారణ జరిగింది, రూల్స్ గట్టిపడ్డాయి. 1992లో నోవా స్కోషియాలో వెస్ట్‌రే బొగ్గుగని పేలి 26 మంది పోయారు. యాజమాన్యంలో ఒక్కరికీ జైలు పడలేదు. ఆ కుటుంబాలూ స్టీల్ వర్కర్స్ యూనియనూ పన్నెండేళ్ళు పట్టు వదలకపోతే, కార్మికుడి ప్రాణాన్ని నిర్లక్ష్యం చేసిన కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టే చట్టం 2004లో అమల్లోకి వచ్చింది. మొదటి రోజు నా చేతికి వచ్చిన కార్డు మీద మూడు హక్కులు ఉన్నాయి: ప్రమాదం ఏమిటో తెలుసుకునే హక్కు, భద్రత నిర్ణయాల్లో పాల్గొనే హక్కు, ప్రమాదం అనిపిస్తే పని చేయనని చెప్పే హక్కు. అలా చెప్పినందుకు ఉద్యోగం తీసేయకూడదు. ఆ మూడోదాని వెనక చాలా శవాలున్నాయి.

ఆ హక్కు కూడా అందరికీ ఒకేలా పనిచేయదు. 2007లో ఇదే ఫోర్ట్ మెక్‌మరీ ఉత్తరాన ఒక సైట్‌లో ట్యాంకు పైకప్పు కూలి ఇద్దరు చైనా కార్మికులు చనిపోయారు. తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్ళు. ఇంగ్లీషు రాదు, యజమాని మాటే వీసా. వాళ్ళని తెచ్చిన చైనా కంపెనీకి 2013లో పదిహేను లక్షల డాలర్ల జరిమానా పడింది, అప్పటికి ఆల్బర్టాలో అదే అతి పెద్దది. "చేయను" అనే హక్కు కార్డు మీద ఉంటే సరిపోదు, ఆ మాట అన్నాక రేపు ఎక్కడ పడుకోవాలో తెలిసుండాలి. మీలో వర్క్ పర్మిట్ మీద వచ్చేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. మన మున్సిపాలిటీ కాంట్రాక్టు కార్మికుడికీ ఈ చైనా కార్మికుడికీ ఉన్న చుట్టరికం ఇదే.

ఇంకా గేటు బయట ఉన్నవాళ్ళ సంగతి. ఈ నేల క్రీ, డెనె ప్రజలది. 1899లో ట్రీటీ 8 అనే ఒప్పందం మీద సంతకాలు పెట్టించుకున్నారు. వేట, చేపలు మీవే అన్నారు. ఇప్పుడు ఆ నది ఎగువన తారు కడిగిన విషపు నీళ్ళ చెరువులు ఉన్నాయి. కియర్ల్ అనే గనిలో 2022 మే నెలలో ఆ నీళ్ళు బయటికి ఊరుతున్నాయని గుర్తించారు. దిగువన ఫోర్ట్ చిపెవయాన్‌లో ఆ నీళ్ళ పక్కనే వేటాడి తినే జనానికి అసలు సంగతి తెలిసింది 2023 ఫిబ్రవరిలో. కంపెనీ పెద్దమనిషి పార్లమెంటు కమిటీ ముందు క్షమాపణ చెప్పాడు. నా ఛాతీ మీది మీటర్ పది పాళ్ళకే అరుస్తుంది, ఆ ఊరికి తొమ్మిది నెలలు ఎవరూ అరవలేదు. కంచె లోపలి ప్రాణానికి ఒక లెక్క, బయటి ప్రాణానికి ఒక లెక్క. మనకి ఇది ఎవరూ వివరించక్కర్లేదు, ఊరు ఎక్కడ ఆగిందో వాడ ఎక్కడ మొదలైందో తెలిసినవాళ్ళం.

అయినా ఆ ఆదివాసులు ఏడుస్తూ కూర్చోలేదు, అది కూడా చెప్పాలి. కోర్టులకెక్కారు, సొంత కంపెనీలు పెట్టారు. 2017లో ఫోర్ట్ మెకే, మికిసూ క్రీ ప్రజలు కలిసి ఒక ఆయిల్ ట్యాంకుల క్షేత్రంలో 49 శాతం వాటా కొన్నారు, యాభై కోట్ల డాలర్లు పెట్టి. నూనె తీస్తూనే నది గురించి పోట్లాడటం ఏమిటని కొందరు వాళ్ళని వెక్కిరిస్తారు. భూమి పోగొట్టుకున్నవాడు కూలికి మాత్రమే అర్హుడు, వాటాకి కాదు అనుకునేవాళ్ళే అట్లా వెక్కిరిస్తారు. దీనిమీద ఇంకో భాగం రాస్తాను, ఇక్కడ ఆపుతా.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు ఇక్కడికి రావాలా వద్దా అని నేను చెప్పను. వస్తే రండి, అప్పు తీర్చుకోండి, చెల్లి పెళ్ళి కాదు చెల్లి చదువు చూసుకోండి. కానీ ఈ క్లాసు మాత్రం మీ ఒక్కరి సర్టిఫికెట్‌గా మిగిలిపోతే నాకు బాధ. ఊళ్ళో ఉన్నవాళ్ళు ఇప్పుడే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మీ మున్సిపాలిటీకి ఆర్టీఐ పెట్టండి. ఎన్ని గ్యాస్ మానిటర్లు కొన్నారు, ఏ తేదీన, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఎవరి దగ్గర ఉన్నాయి. నాలుగే ప్రశ్నలు. "పారిశుధ్య పరికరాలు సమకూర్చాం" అని గుండుగుత్తగా రాసి పంపిస్తారు, మళ్ళీ అప్పీలు పెట్టండి. మీ వాడలో దిగే అన్నలకి ఆ ఏడు అడుగులు తెలుగులో చెప్పండి, ముఖ్యంగా కాపాడటం ఐదోదని చెప్పండి. కష్టం అది. తోటివాడు పడిపోతుంటే చూస్తూ ఆగమని చెప్పడం మన మనుషులకి చెప్పలేని మాట. అయినా చెప్పండి.

ఎవరైనా పోతే, శవం లేవకముందే ఎఫ్‌ఐఆర్. "జారిపడి" అనే మాట రాయనివ్వకండి. 2013 చట్టం సెక్షన్లు పెట్టించండి. చనిపోయినవాడు ఎస్సీ అయితే అట్రాసిటీ చట్టం కూడా పెట్టించండి, 2015 సవరణలో ఎస్సీ, ఎస్టీల చేత మాన్యువల్ స్కావెంజింగ్ చేయించడాన్ని అందులో నేరంగా చేర్చారు. స్టేషన్లో "అది వేరే పని" అని వాదిస్తారు, పార్లమెంటులో చెప్పిన జవాబే అక్కడా చెప్తారు. రాతపూర్వకంగా ఇవ్వమనండి. సుప్రీంకోర్టు 2014లో పది లక్షలన్న పరిహారాన్ని 2023 అక్టోబర్‌లో ముప్పై లక్షలు చేసింది. కాంట్రాక్టరు చేతిలో పెట్టే నోట్లకట్ట మీద వేలిముద్ర వేయొద్దని ఆ ఇంటి ఆడవాళ్ళకి ఎవరో ఒకరు ఆ రోజే, ఆ గంటలోనే చెప్పాలి. మా అత్తకి చెప్పేవాళ్ళు లేరు. ఆ రోజు నేను ఇంటర్ పరీక్ష హాల్లో ఉన్నాను.

ఆర్టీఐ నమూనా, ఏడు అడుగుల తెలుగు పోస్టర్ తయారుచేశాను. కావాల్సినవాళ్ళు కామెంట్‌లో జిల్లా పేరు పెట్టండి, పంపిస్తాను. పోస్టర్‌లో నా పేరు అక్కర్లేదు, మీ సంఘం పేరు వేసుకోండి. రాత్రి షిఫ్ట్ ఉంది, మీటర్ పరీక్ష చేసుకుని బయల్దేరాలి. బయట మైనస్ ముప్పై ఎనిమిది.

జై భీమ్.